బోల్టు మీద తెల్లగీత

మా కార్ల క్లబ్బులో ఒక ఆచారం ఉంది. బండికి బోల్టు బిగించాక, దాని తల మీదుగా పక్కనున్న రేకు దాకా రంగుకలంతో ఒక గీత గీస్తారు. బోల్టు కదిలితే గీత రెండు ముక్కలై పక్కకి జరుగుతుంది, చూడగానే తెలుస్తుంది. ఎవరి రంగు వాళ్ళది. మా ఆయన క్లిఫర్డ్‌ది పసుపు, ఆయన స్నేహితుడు రాయ్‌స్టన్‌ది తెలుపు. ఒకరి గీత ఉన్న బోల్టు మీద ఇంకొకరు అడక్కుండా పానా పెట్టడమంటే, పక్కింటి వంటగదిలో దూరి పొయ్యి మీది కూరలో ఉప్పు వేసి రావడమే. ఆ మర్యాదే చివరికి క్లిఫర్డ్‌ని మింగింది.

ఈ బండ్లు పెట్టెల్లో ముక్కలుగా వస్తాయి. కొన్నవాడే గరాజ్‌లో కూర్చుని బిగించుకోవాలి. తలుపులుండవు, పైకప్పుండదు. చలికి వణికి చచ్చినా సరే, హీటరు బరువని అదీ పీకేస్తారు. బండి ఎంత తేలికైతే అంత పరుగట. రాయ్‌స్టన్ కనబడిన రేకుకల్లా చిల్లులు పొడిచి, రాలిన పొట్టుని వంటింటి త్రాసులో తూచి మురిసిపోయేవాడు. క్లిఫర్డ్ నన్ను హ్యాండ్‌బ్యాగ్ ఇంట్లో పెట్టి రమ్మనేవాడు, తన పొట్టని మాత్రం వెంట తెచ్చుకునేవాడు. సవతి లేదని సంబరపడే రాత నాకు లేదు. నా సవతి గరాజ్‌లో దుప్పటి కప్పుకుని పడుకునేది, నాకంటే మంచి దుప్పటి.

రాయ్‌స్టన్ బతుకంతా రేకులు కొట్టే ఫ్యాక్టరీలో పనిచేశాడు. చెవులు అక్కడ వదిలేసి పింఛను ఇంటికి తెచ్చుకున్నాడు. డాక్టరు ఇచ్చిన చెవి మిషను వాళ్ళావిడ విన్ వంటింటి సొరుగులో చెంచాల మధ్య పడి ఉండేది. అది పెట్టుకుంటే బండి మీద గాలికి ఈల వేస్తుందని వంక. అసలు సంగతి సిగ్గని అందరికీ తెలుసు. చేతులు మాత్రం బంగారం. మా ష్రాప్‌షైర్ కొండల్లో తిరిగే ఈ బండ్లలో సగానికి అతని చెయ్యి తగిలింది. క్లిఫర్డ్ బస్సు డిపోలో మెకానిక్కు. ఇద్దరూ కుర్రతనం నుంచీ స్నేహితులు, మా పెళ్ళిలో ఉంగరం జేబులో పెట్టుకుని పెళ్ళికొడుకు పక్కన నిలబడింది రాయ్‌స్టనే.

నెలనెలా మొదటి ఆదివారం బ్లాక్ హార్స్ పబ్బు దగ్గర అందరూ చేరతారు. ఒక శరదృతువులో అక్కడే, కబుర్ల మధ్య క్లిఫర్డ్ రాయ్‌స్టన్ బండి మడ్‌గార్డు మీద చెయ్యి ఆనించాడు. అది కదిలింది. దాని బోల్టు మీద తెల్లగీత చెక్కుచెదరలేదు, బోల్టు మాత్రం వేళ్ళతో తిప్పితే ఊడి వచ్చింది. క్లిఫర్డ్ అటూ ఇటూ చూసి, దాన్ని కంచె అవతలికి విసిరేసి, తన డబ్బాలోంచి కొత్తది తీసి బిగించాడు. రాయ్‌స్టన్ లోపల చిప్స్ తింటూ గొంతెత్తి కబుర్లు చెబుతున్నాడు. పక్కనున్న వాళ్ళు ఇద్దరు ముగ్గురు చూసి, ఆకాశం వైపు ముఖాలు తిప్పుకున్నారు.

ఇంటికొచ్చాక మా ఆయన ఆ సంగతి నాకు చెప్పాడు. రాయ్‌స్టన్ బోల్టు బిగించకుండానే గీత గీసేశాడని, మతిమరుపు మొదలైందని మా ఆయన నమ్మకం.

"వాడికే చెప్పొచ్చుగా," అన్నాను.

"ఏమని చెప్పనే? నీ చేతులు పనికిరావురా, ఇకనుంచి నీ బండి మేం చూసుకుంటాం అనా? ఆ మాట విన్నాక వాడు బతుకుతాడా?"

"చెప్పకపోతే బతుకుతాడా?"

"నేనున్నాగా. వాడి వెనకాల నేను చూసుకుంటాలే, ఓడ్రీ."

అప్పటినుంచి మొదలైంది దొంగతనం, విన్‌ని కూడా కలుపుకుని. రాయ్‌స్టన్ మంగలి దగ్గరికో, గడ్డి మీద బంతులు దొర్లించే ఆటకో బయల్దేరగానే విన్ ఫోన్ చేసేది. మా ఆయన పానాని తువ్వాల్లో చుట్టుకుని, గబగబా ఆ వీధికి పోయేవాడు. గరాజ్ తలుపు విన్ లోపలినుంచి తీసేది. ఆ వీధి చివర ఉండే పెద్దావిడ ఒకరోజు దుకాణంలో నా చెయ్యి పట్టుకుని, చెప్పడానికి మనసొప్పడం లేదుగానీ మీ ఆయన తువ్వాలుతో సహా ఆ ఇంటికి వెళ్తున్నాడమ్మా అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను పడీపడీ నవ్వాను. ఇంటికొచ్చి క్లిఫర్డ్‌కి చెబితే అతను గర్వపడ్డాడు కూడా.

ప్రతి బోల్టు మీదా పానా పెట్టి చూసేవాడు. అది మామూలు పానా కాదు. చాలినంత బిగువు రాగానే టక్కుమంటుంది, అక్కడితో ఆపేయాలి. రాయ్‌స్టన్ బోల్టులన్నీ పెట్టగానే టక్కుమనేవి. ఒక్కటీ వదులు లేదు. క్లిఫర్డ్ సంబరపడుతూ ఇంటికొచ్చేవాడు. పసుపు గీత గీయడానికి లేదు కాబట్టి, చూసినట్టు గుర్తు కూడా ఎక్కడా మిగల్లేదు.

ఏప్రిల్‌లో చలి విరిగాక తొలి షికారు ఉంటుంది. ఆ ఏడు మా బండి ఇంజను బల్ల మీద ముక్కలై ఉంది. క్లిఫర్డ్ రాయ్‌స్టన్ పక్కన ఎక్కాడు. ఆ వారమే మళ్ళీ అన్నీ చూసి వచ్చాడు. వెళ్ళక తప్పదా అంటే, నేను చూసిన బండిలో నేనే కూర్చోకపోతే ఇంకెవరు కూర్చుంటారే అన్నాడు. నేను ఇద్దరికీ హామ్ శాండ్‌విచ్‌లు కట్టిచ్చాను.

కొండ దిగే మలుపులో ఎడమ పక్క ముందు చక్రం లోపలికి మడుచుకుపోయింది. దాన్ని బండికి పట్టి ఉంచే బోల్టు తెగిపోయింది. బండి ఎడమవైపుకే రాతిగోడకి తగిలింది. ఎడమవైపు కూర్చున్నది మా ఆయన. పైకప్పు లేదు, తలుపు లేదు, మధ్యలో అడ్డుపడేదేమీ లేదు. రాయ్‌స్టన్‌కి భుజం ఎముక విరిగింది. క్లిఫర్డ్ అక్కడికక్కడే పోయాడు. వెనక బండ్లవాళ్ళు వచ్చేసరికి రాయ్‌స్టన్ విరిగిన భుజంతోనే అతని తలని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడట. శాండ్‌విచ్‌ల పొట్లం నాకు పోలీసులు తిరిగి ఇచ్చారు. అలాంటిది ఎవరైనా తిరిగి ఇస్తారా?

శవపేటిక వెళ్ళేటప్పుడు క్లబ్బు బండ్లన్నీ దారికి ఇరువైపులా నిలిపి ఇంజన్లు ఆన్ చేశారు. అది వాళ్ళ మర్యాద. నాకు ఆ చప్పుడంటే అప్పటికే అసహ్యం పుట్టింది.

ఆ చావు మీద విచారణ జరిగిన రోజున, బండిని పరీక్షించిన ఇంజనీరు మెల్లని గొంతుతో అసలు సంగతి చెప్పాడు. బోల్టు వదులై కాదు, మితిమీరి బిగించడం వల్ల తెగింది. అలా లాగి బిగిస్తే బోల్టు మెడ సాగి, సన్నబడి, లోపల పగులుతుంది. అలాంటి దాని మీద పానా పెడితే వెంటనే టక్కుమంటుంది. వదులు బోల్టుని పట్టిస్తుందిగానీ, ఎక్కువైన బిగువుని ఆ పానా పట్టించలేదు. క్లిఫర్డ్‌కి ఇది తెలియని విద్య కాదు. కానీ స్నేహితుడు బిగించడం మర్చిపోతున్నాడని మనసులో మేకు దిగబడ్డాక, రెండో వైపు చూడలేదు. మడ్‌గార్డు నుంచి ఊడిన ఆ బోల్టుని విసిరేసే ముందు దాని మెడ ఒక్కసారి చూసి ఉంటే, ఇవాళ నా ఎదురుగా కూర్చుని టీ చల్లారిందని సణుగుతుండేవాడు. దాని మెడా అలాగే సాగి, పట్టు వదిలేసి ఉంటుంది.

కొన్ని వారాలకి క్లబ్బు పెద్ద హెడ్లీ మా ఇంటికొచ్చాడు. టోపీ ఒళ్ళో పెట్టుకుని, దాని అంచు నలుపుతూ కూర్చున్నాడు. విచారణలో ఇంజనీరు అన్నదేదీ రాయ్‌స్టన్‌కి వినపడలేదట. బయటికొచ్చాక విన్ అతనికి ఇనుములోనే లోపం ఉందని చెప్పిందట. క్లబ్బంతా అదే మాట మీద ఉందట.

"నువ్వు కూడా అదే అంటే బాగుంటుందమ్మా," అన్నాడు. "ఆయన ఇప్పటికే సగం చచ్చి ఉన్నాడు."

"మా ఆయన పూర్తిగా చచ్చాడు, హెడ్లీ."

మొహమాటానికి పోతే కడుపయిందన్న సామెత వీళ్ళని చూసే పుట్టి ఉంటుంది. చెడ్డవాళ్ళు ఒక్కరూ లేరు. అందరూ మంచివాళ్ళే, అదే నా ఖర్మ. ఆలోచిస్తానని చెప్పి పంపేశాను. నిజానికి నోరు మూసుకుని ఉందామనే అనుకున్నాను. చెబితే మాత్రం పోయినవాడు లేచి వస్తాడా?

నోరు మూసుకోనివ్వనిది టామ్సిన్. ఆమె నర్సు, మా క్లబ్బులో అందరికంటే చిన్నది, కొత్తగా బండి కట్టుకుంటోంది. క్లిఫర్డ్ పానాలు తనకైనా పనికొస్తాయని ఇవ్వడానికి వెళ్ళాను. గరాజ్‌లో బండి అస్థిపంజరంలా నిలబడి ఉంది. దాని ముందు చక్రాల దగ్గర, కొత్త బోల్టుల మీద, తడి ఆరని తెల్లగీతలు కనబడ్డాయి.

ఇవెవరు గీశారని అడిగాను. రాయ్‌స్టన్ భుజం కట్టు విప్పినప్పటినుంచీ బుధవారం బుధవారం వచ్చి బిగించి పోతున్నాడని టామ్సిన్ చెప్పింది. విచారణకి తనూ వచ్చింది, అన్నీ విన్నది. తెలిసీ ఎలా ఊరుకున్నావని అడిగాను.

"ఎలా వద్దంటాను, ఆంటీ? క్లిఫ్ అంకుల్ పోయాక ఆయనకి ఇదొక్కటే పనట. ఆయన వెళ్ళాక హెడ్లీ గారు వచ్చి మళ్ళీ చూస్తానన్నారు. ఆయనకి తెలీకుండా."

అక్కడినుంచి తిన్నగా రాయ్‌స్టన్ ఇంటికి నడిచాను. మంచి ఎండ కాస్తోంది, వీధిలో కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. వాళ్ళిద్దరూ వంటింట్లో టీ తాగుతున్నారు. నా ముఖం చూడగానే విన్‌కి అర్థమై లేచి నిలబడింది. మెల్లగా ఓడ్రీ, మెల్లగా, అంది.

మెల్లగా చెబితే అతనికి వినపడదు. ఇన్నాళ్ళూ అందరం అతని వెనక గుసగుసలాడుతూనే ఉన్నాం. నేను బల్ల మీద రెండు చేతులూ ఆన్చి, నా గొంతులో ఉన్నదంతా బయటికి తీసి అరిచాను.

"ఇనుము మంచిదే, రాయ్‌స్టన్. నువ్వే ఎక్కువ బిగించావు. పానా టక్కుమనడం నీకు వినపడటం లేదు."

పక్క తోటలో గడ్డి కోసే మిషను ఆగిపోయింది. విన్ కిటికీ మూయబోయింది. నేను ఆపలేదు. మా ఆయన తువ్వాల్లో పానా చుట్టుకుని ఈ ఇంటికి రావడం, విన్ తలుపు తీయడం, ప్రతి బోల్టూ చూసి సరేననుకోవడం, అన్నీ అరిచే చెప్పాను. దుఃఖాన్ని అరిచి చెప్పడం ఎంత హీనంగా ఉంటుందో అప్పుడు తెలిసింది. బజార్లో కూరగాయలు అమ్ముతున్నట్టుంది నా గొంతు నాకే.

రాయ్‌స్టన్ టీ కప్పు పక్కకి జరిపాడు. ఆరితేరిన పనివాడు, అతనికి వివరించి చెప్పాల్సిన పని లేకపోయింది.

"పెట్టగానే టక్కుమని ఉంటాయి," అన్నాడు. "అన్నీ."

"అన్నీ."

"ఆ చప్పుడు నాకు వినపడక చాలా రోజులైంది. చేతికి గట్టిగా తగిలేదాకా లాగేవాణ్ణి. వదులుగా ఉండటం కంటే నయం కదా అనుకున్నాను. వాడు ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేవాణ్ణి."

"నువ్వే చెప్పొచ్చుగా."

"చెబితే నా పక్కన ఎవరు కూర్చుంటారు, ఓడ్రీ?"

విన్ గోడకి ఆనుకుని ఏడుస్తోంది. నాకు అతని మీద జాలి కలగలేదు. కలుగుతుందని భయపడుతూ వచ్చాను, కలగలేదు. టామ్సిన్ బండి ముట్టుకోవద్దని మాత్రం చెప్పి వెళ్ళిపోదామని తిరిగాను.

"ఇంకొకటి ఉంది," అన్నాడు నా వెనక. "వంతెన దాటాక క్లిఫ్ నా భుజం తట్టి ఏదో చెప్పాడు. చక్రం వైపు చెయ్యి చూపించినట్టున్నాడు. కింద ఏదో కొట్టుకుంటున్న చప్పుడు వాడికి వినపడి ఉంటుంది. నాకు ఒక్క ముక్క అందలేదు. అందలేదని చెప్పడానికి సిగ్గేసింది. ఏదో జోకు వేశాడనుకున్నట్టు నవ్వేశాను. నవ్వి, యాక్సిలరేటర్ ఇంకాస్త తొక్కాను."

కుర్చీ పట్టుకున్నాను. మా ఆయన చివరిగా అన్నమాట ఒకటుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఏమన్నాడో, నా పేరేమైనా ఎత్తాడో, రాయ్‌స్టన్‌ని అడగబోయాను. అంత అరిచిన గొంతు అక్కడికొచ్చేసరికి ఊపిరంత మాత్రమే వచ్చింది.

రాయ్‌స్టన్ ముందుకి వంగి, నా పెదవులకేసి చూశాడు.

"ఏమన్నావు?" అని అడిగాడు.