నయీంనగర్ నుంచి నడిచొచ్చిన కుర్చీ

వరంగల్ బట్టల బజారులో లక్ష్మీనారాయణ దుప్పట్ల దుకాణం రోజూ ఒక్క తీరుగానే తెరుచుకుంటుంది. ముందు వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లుతారు. పరుపు దులిపి, దాని మీద తెల్లగుడ్డను ముడత లేకుండా పరుస్తారు. దేవుని పటానికి ఊదుబత్తి వెలిగిస్తారు. వచ్చినవాళ్ళు చెప్పులు కింద విడిచి ఆ పరుపు మీదనే కూర్చోవాలి. సేటు కూడా అక్కడే కూర్చుంటాడు. లక్ష్మీనారాయణ వాళ్ళ తాత దుకాణం పెట్టిననాటి నుంచి అందులోకి కుర్చీ అన్నది రాలేదు. వచ్చిన మొదటి కుర్చీ తన కాళ్ళతో తానే నడిచి వచ్చింది.

అది లక్ష్మీనారాయణ బిడ్డ దీప వెంట వచ్చింది. ఆ రోజు దీప హన్మకొండ నయీంనగర్‌లో ఒక విత్తనాల కంపెనీకి ఇంటర్వ్యూకు పోయింది. రైతులు ఫోన్ చేస్తే మాట్లాడి, వాళ్ళు అడిగింది కనుక్కొని చెప్పే ఉద్యోగం. దీపకు మాట్లాడడమంటే ప్రాణం. ఈ ఉద్యోగం రాకపోతే హైదరాబాద్ హాస్టల్‌లో ఉండి ఏదో ఒక కోచింగ్ తీసుకోవాలని ఇంట్లో ఖాయం చేసి పెట్టారు. ఆ పిల్లకేమో వరంగల్ విడిచి పోవాలని లేదు.

ఇంటర్వ్యూ చేసిన భారతి మేడం అన్నీ అడిగి, "మేమే ఫోన్ చేస్తం," అన్నది. దీప లేచి, దుకాణంలో పెరిగిన అలవాటు కొద్దీ, తాను కూర్చున్న కుర్చీని చున్నీతో ఒకసారి తుడిచి, బల్ల కిందికి సర్దిపెట్టి వచ్చింది. దాన్ని అంతకు ముందు ఎవరూ అట్లా తుడిచి ఉండరు.

దీప ఆటోలో వచ్చింది. కుర్చీ నడుచుకుంటూ, దీపాలు పెట్టే వేళకు చేరింది. టక్కుటక్కుమని మెట్టెక్కి గడప దగ్గర ఆగింది. పాతకాలపు టేకు కుర్చీ. బెత్తం అల్లిన సీటు. నాలుగు కాళ్ళకూ దుమ్ము.

నాయినమ్మ చిలుకమ్మ దాన్ని చూసి చెంబు అందుకున్నది. "పోచమ్మ మైదాన్ కాడ ట్రాఫిక్ల నిలబడి నిలబడి వచ్చినట్టున్నది, పాపం. జర కాళ్ళ మీద నీళ్ళు పొయ్యి బిడ్డా."

దీప నీళ్ళు పోసింది. తల్లి పాత టవలు తెచ్చి కాళ్ళు తుడిచింది. ఎదురు దుకాణం ఓంప్రకాశ్ తొంగి చూసి, "ఎవరిదమ్మా కుర్చీ?" అని అడిగాడు.

"ఇంటర్వ్యూది అంకుల్."

"అట్లనా, మంచిది," అని ఆయన షట్టర్ దించుకొని ఇంటికి పోయాడు.

మరునాటి నుంచి దీప చేతిలోంచి ఫోన్ దిగలేదు. స్నానానికి పోయినా దాన్ని కిటికీలో పెట్టుకునేది. ఫోన్ మోగేది గాని, అవతల ఎప్పుడూ వేరేవాళ్ళే. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న దోస్తు రమ్య, "నువ్వే అడగవే. ఇంటర్వ్యూ అయినంక అందరు అడుగుతరు. అండ్ల సిగ్గేంది?" అన్నది. దీప మెసేజ్ రాసేది, చెరిపేది. ఎందుకంటే ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది.

"దుకాణం మెట్టు దిగిన గిరాకీని వెనుకకు పిలువొద్దు," అంటాడు లక్ష్మీనారాయణ. "పిలిస్తే సరుకుల ఏదో లోపమున్నదనుకుంటరు. మా తాత పిలువలే, మా నాయిన పిలువలే. మనం చూపెట్టేది చూపెట్టినం. కావాలంటే వాళ్ళే తిరిగొస్తరు."

"నేను దుప్పటినా డాడీ?"

"దుప్పటి కంటె విలువైనదానివి. అందుకే పిలువొద్దంటున్న. అయినా కుర్చీ వచ్చినంక ఇంక ఫికరేంది? కబురు దాని వెనుకనే వస్తది."

కబురు రాలేదు. కుర్చీ మాత్రం దుకాణంలో బాగా కలిసిపోయింది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మెట్టెక్కుతుంటే ఎదురు పోయేది. వాళ్ళు కూర్చునేదాకా కదలకుండా నిలబడేది. ధర్మసాగర్ నుంచి వచ్చిన రాయమల్లు అందులో కూర్చొని కళ్ళు మూసుకున్నాడు.

"సేటూ, నీ పరుపు మీద కూసుంటె నన్ను లేపనీకి ఇద్దరు మనుషులు కావాలె. గందుకే నిలబడి బేరం చేసి పోయేటోన్ని. ఇయ్యాల కూసున్నట్టున్నది. ఆ పచ్చంచుది గూడ చూపెట్టు."

ఒక దుప్పటికి వచ్చినవాడు ఇంటిల్లిపాదికీ కొనుక్కొని పోయాడు. లక్ష్మీనారాయణ మొహం వెలిగిపోయింది. కుర్చీకి దూది దిండు కుట్టించాడు. పటానికి ఊదుబత్తి చూపెట్టినప్పుడు దానికీ ఒకసారి తిప్పడం మొదలుపెట్టాడు.

చిలుకమ్మ మాత్రం ఇంకొకటి చూసింది. పొద్దుగూకితే చాలు, కుర్చీ గడప దగ్గరికి పోయి హన్మకొండ దిక్కు తిరిగి నిలబడుతోంది. పక్కనే దీప, చేతిలో ఫోన్ పట్టుకొని, తానూ అటే చూస్తోంది. ఈమధ్య ఆ పిల్ల అన్నం తినేటప్పుడు కూడా మాట్లాడడం లేదు. మాట్లాడని దీప ఇంట్లో ఉంటే గడియారం ఆగినట్టే ఉంది చిలుకమ్మకు. మరునాడు పొద్దున కొడుకు దగ్గరికి వచ్చి పరుపు మీద కూర్చున్నది.

"నారాయణా, గిరాకీ గొడుగు మరిచిపోతే ఏం చేస్తవు?"

"ఏం చేస్త, అందజేస్త. హసన్‌పర్తి ఆమె కళ్ళజోడు మరిచిపోతే స్కూటర్ మీద పోయి ఇచ్చి రాలేదా?"

"అది గిరాకీని వెనుకకు పిలుసుడు గాదా?"

"అదెట్లయితదమ్మా. ఎవరి సొమ్ము వాళ్ళకు చేర్చుడది. దుకాణమన్నంక చెయ్యాల్సిందే."

"మరి ఈ కుర్చీ ఎవరిది?"

లక్ష్మీనారాయణ కుర్చీ దిక్కు చూశాడు. అందులో ఒక ముసలమ్మ హాయిగా కాళ్ళు చాపుకొని రెండో దుప్పటి విప్పించి చూస్తోంది.

"అది దానంతటదే వచ్చింది గద."

"గొడుగు దానంతటదే వస్తె నీదైతదా?"

లోపల దీప తల్లి నవ్వడం వినిపించింది. లక్ష్మీనారాయణ కాసేపు తెల్లగుడ్డ ముడతలు సవరించాడు. "సరే," అన్నాడు చివరికి. "ఈ బేరం అయినంక ఇచ్చి రమ్మను."

"ఉత్త కుర్చీ ఇచ్చి రావాల్నా నాయినమ్మా?" అని దీప మెల్లగా అడిగింది.

"పోయినదానివి నోరు ఇంట్ల పెట్టి పోతవా?" అన్నది చిలుకమ్మ.

ఆటోలో కుర్చీ ముందు ఎక్కింది. ఇంక జాగా లేక దీప దాని మీదనే కూర్చోవలసి వచ్చింది. తల పైకప్పుకు తగులుతుంటే, దారి పొడుగునా ఏమనాలో అనుకుంటూ పోయింది. నమస్తే మేడం, మీ విలువైన సమయం నాకిచ్చినందుకు... నయీంనగర్ వచ్చేసరికి అది నోటికి వచ్చింది.

ఆఫీసులో కిటికీ పక్క బల్ల మీద ఒక సెల్‌ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. ఆ బల్ల దగ్గర ఎవరూ లేరు. భారతి మేడం నిలబడి కాగితాలు చూస్తోంది. వాళ్ళిద్దరినీ చూసి కళ్ళద్దాలు తీసింది.

"వచ్చినరా. ఇన్ని రోజులు ఎందుకు రాలేదమ్మా?"

"మీరే ఫోన్ చేస్తమన్నరు మేడం."

"మా కుర్చీయే నీ వెంట వచ్చె. ఇంక ఫోనెందుకు? నీకు ఇష్టముంటే దాంతోని వస్తవు, లేకుంటే దాన్ని వాపస్ పంపిస్తవనుకున్నం. రెండూ లేవాయె. ఇష్టం లేదేమోనని, ఇగో, ఇంకో అమ్మాయికి చేద్దామని ఇప్పుడే నంబర్ తీసిన."

మేడం చేతిలోని ఫోన్‌లో ఆ నంబరు వెలుగుతోంది. నోటికి వచ్చిన మాటలన్నీ దీపకు ఒక్కసారే ఎగిరిపోయాయి.

"మేడం, కుర్చీ ఇచ్చి వస్తనని ఇంట్ల చెప్పి వచ్చిన. అది సగమే. నాకీ ఉద్యోగం కావాలె. నా సంగతేమైందో అడుగుదామని వచ్చిన. ఇయ్యమంటే ఇయ్యమని మొఖం మీదనే చెప్పుర్రి. నేను పోయి హాస్టల్‌కు బట్టలు సర్దుకుంట."

భారతి మేడం ఏదో అనబోయింది. అంతలో కుర్చీ వాళ్ళిద్దరి నడుమ నుంచి నడిచి, కిటికీ పక్క బల్ల దగ్గరికి పోయింది. బల్లకు కొంచెం ఎడంగా, మనిషి కూర్చోవడానికి వీలుగా నిలబడింది.

మేడం దాన్ని చూసింది. ఫోన్‌లో నంబరు ఆర్పేసింది. "అది ఇంతకుముందు ఎవరి కోసం ఆ బల్ల కాడికి పోలే," అన్నది. "అపాయింట్‌మెంట్ ఆర్డర్ సాయంత్రం టైప్ చేయిస్త. పో, కూసో."

"ఇప్పుడేనా మేడం?"

బల్ల మీది ఫోన్ మళ్ళీ మోగింది. మేడం కళ్ళతోనే అది చూపెట్టింది. దీప పోయి కూర్చొని ఫోన్ ఎత్తింది.

"నెక్కొండ కాడి నుంచి మాట్లాడ్తాన్న. ఉప్పలయ్యను," అన్నది అవతలి గొంతు, జంకుతూ. "మిర్చి ఇత్తనాలు కావాలని పేరు చెప్పి పోయిన. మేమే ఫోన్ చేస్తమంటిరి. మల్ల మల్ల అడుగుడు మంచిగుండదని ఊకున్న. నారు పోసే అదను దాటిపోతాంది బిడ్డా."

"అడిగి మంచిపని చేసినవు పెద్దనాయినా," అన్నది దీప. "ఫోన్ పెట్టకు. నీ ఇత్తనాలు ఎక్కడున్నయో ఇప్పుడే చూసి చెప్త."

లేవబోయింది గాని లేవనక్కరలేకపోయింది. కుర్చీ అప్పటికే ఆమెను ఎత్తుకొని విత్తనాల గోదాము దిక్కు నడుస్తోంది.