బాయిలర్ గది ఓటు

బాయిలర్ గదిలో మేం ముగ్గురం. కుట్టు హాల్లో రెండువందల పన్నెండు మంది. అయినా కార్మిక సంఘం అధ్యక్షుణ్ణి ఎన్నుకునేటప్పుడు వాళ్లదీ ఒకటే ఓటు, మాదీ ఒకటే ఓటు. ఇదేం న్యాయమని నన్నడక్కండి. ఆ రూలు నేను పెట్టింది కాదు.

మా బట్టల ఫ్యాక్టరీలో ఏడు విభాగాలు. ఒక్కో విభాగం ఒక ప్రతినిధిని పంపుతుంది. ఆ ఏడుగురూ కూర్చుని అధ్యక్షుణ్ణి తేలుస్తారు. నలభై ఏళ్ల కిందట విభాగానికో షెడ్డు, షెడ్డుకో తాళం. ఒకరి ముఖం ఒకరికి తెలియదు కాబట్టి అలా పెట్టుకున్నారట. ఇప్పుడు అందరం ఒకే కప్పు కింద పనిచేస్తాం, ఒకే క్యాంటీన్ దగ్గర తోసుకుంటాం. రూలు మాత్రం చెక్కుచెదరలేదు. ఏ విషయానికైనా ఔనంటే ప్రతినిధి తన విభాగం తాళంచెవి తీసి బల్లమీద పెట్టాలి, కాదంటే జేబులోనే ఉంచుకోవాలి.

ఈసారి మా వదిన పోటీలో ఉంది. కుట్టు హాల్లో ఇరవై ఏళ్ల నుంచి మిషను మీద కూర్చున్న మనిషి. "ముందు రూలు మార్చండి, అందరం నేరుగా ఓటేసుకుంటాం" అని పట్టుబట్టింది. ప్రతినిధుల్లో ముగ్గురు సరేనన్నారు, ముగ్గురు కుదరదన్నారు. మిగిలింది బాయిలర్ గది ప్రతినిధిగా నేను. నా ఖర్మ!

మా మేస్త్రి ససేమిరా అన్నాడు.

"ఒరేయ్, వాల్వు సంగతి అప్పుడే మర్చిపోయావా?"

ఎలా మర్చిపోతాను? ఆవిరి ఎక్కువైతే బయటికి వదిలే వాల్వు పాడైందని రెండేళ్లు కాళ్లరిగేలా తిరిగాం. ఒక్కడూ చెవిన పెట్టలేదు. చివరికి ఆవిరి కొట్టి మా గదిలో మూడో మనిషి, పొడుగాయన మోచెయ్యి కాలింది. కిందటి ఎన్నికల్లో మా ఓటు అవసరపడి అధ్యక్షుడు మూడుసార్లు మా గదికొచ్చాడు. తొమ్మిది రోజుల్లో కొత్త వాల్వు పడింది.

"అందరూ ఓటేస్తే ముగ్గురున్న గది వైపు ఎవడు తొంగిచూస్తాడ్రా? వద్దని చెప్పిరా" అన్నాడు మేస్త్రి. పొడుగాయన కూడా వద్దన్నట్టు తలూపాడు. నేను ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు.

మా అన్నయ్యా వదినా నేనూ ఒకే ఇంట్లో ఉంటాం. ఆ సాయంత్రం వదిన గుమ్మంలో కూర్చుని తెగిన చెప్పు కుట్టుకుంటోంది.

"వదినా, గెలిస్తే మా గది సంగతి ముందు చూస్తానని మాటివ్వు. మావాళ్లకి చెప్పుకుంటాను."

"ఇవ్వను" అంది కుండబద్దలు కొట్టినట్టు. "నీ ఓటు కోసం మాటిస్తే నాకూ ఇప్పుడున్న అధ్యక్షుడికీ తేడా ఏముంది? ప్రాణం మీదికొచ్చేదైతే ముందు, లేకపోతే అందరితోపాటే మీరూ."

నాకు ఒళ్లు మండింది. ఇంటి మనిషికి ఆ మాత్రం మాటివ్వలేదా? విసురుగా పెరట్లోకి పోయాను. కానీ కాళ్లు కడుక్కునేలోపే తెలిసిపోయింది, ఆవిడన్నదే నిజమని. ఎవరి చెయ్యో కాలాక, ఎవరి ఓటో కావాల్సొచ్చాక వచ్చే వాల్వు ఏం వాల్వు?

మర్నాడు సమావేశంలో మూడు తాళంచెవులు బల్లమీదికొచ్చాయి. అందరూ నా వైపే చూస్తున్నారు. మా తాళంచెవి తీసి నాలుగోదిగా పెట్టాను. కుట్టు హాలు వాళ్లు కిటికీల దగ్గర ఒకటే అరుపులు, ఈలలు. ఫ్యాక్టరీ మొత్తానికీ మేలు చేశానని నిజంగా పొంగిపోయాను.

ఆ ఊపులోనే గదికొచ్చాను. మేస్త్రి మీటరు చూస్తున్నాడు. వెనక్కి తిరగలేదు.

"పెట్టావటగా?"

"పెట్టాను మేస్త్రీ. ఎక్కువమంది ఎవర్ని కోరుకుంటే వాళ్లే అధ్యక్షులు కావాలి. అదే న్యాయం."

పొడుగాయన రోజు మొత్తంలో పది మాటలు మాట్లాడితే గొప్ప. అలాంటిది, పార కింద పెట్టి నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"మన గదిలో మనం ఎంతమందిమి?"

"ముగ్గురం."

"వద్దన్నది?"

నేను కిందున్న పార వైపు చూశాను.

"చెప్పవయ్యా, ఎంతమంది?"

"ఇద్దరు."

"ఎక్కువమంది మాటంటే నీకంత ప్రాణం కదా. మరి మా ఇద్దరి మాట ఏం చేశావు?"

కోపంగా అన్నా బాగుండేది, తిరిగి నాలుగు మాటలనేవాణ్ణి. తెలియక అడిగినట్టే అడిగాడు. సిగ్గుతో చచ్చిపోయాను. రూలు మార్చడం తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ ఆ రోజు షిఫ్టు అయ్యేదాకా వాళ్లిద్దరి ముఖం చూడలేకపోయాను.