పాటకు ఇనిషియల్

గొంతు ఆపరేషన్ తర్వాత మా గోవిందమ్మ అవ్వకు మాట పోయింది. అంతకుముందు ఫోన్‌లో రికార్డు చేసిన జోలపాటలే మాకు మిగిలిన ఆమె గొంతు. వాటికోసం నేనొక చిన్న వెబ్‌సైట్ తయారుచేసి, పాటల ఫైళ్లకు పేర్లు పెట్టే పని ధనకోటి తాతకు అప్పగించాను. అది కొరివితో తల గోక్కోవడమేనని తెలుసు. కానీ అవ్వకు మాట పోయినప్పటినుంచి ఆయన కూడా మాట్లాడడం తగ్గించేశాడు. ఏదో ఒక పని ఉండాలి కదా.

ఈ ఉదయం తిరుత్తణి నుంచి అక్క ఫోన్ చేసింది. అక్కడ తన బిడ్డను మొదటిసారి ఉయ్యాల తొట్టిలో వేస్తున్నారు. అవ్వ పాట లేకుండా మా ఇంట్లో ఏ బిడ్డా తొట్టి ఎక్కలేదు.

"ఏమే వైషూ, పాట యాడే? నొక్కితే ఏందో ఫైలు దిగతా ఉంది, తెరుచుకోలా. సీక్రం చూడు, అందరూ కూర్చోనుండారు."

చూస్తే ప్రతి పాట పేరు చివరా చుక్క, చుక్క తర్వాత 'జి'. ఉండాల్సిన ఎంపీత్రీ మాయం.

"తాతా, ఏం చేసినావు?"

"ఎవురిదో ఎంపీత్రీ అని ఇనిషియల్ ఉండె. మన వంశంలో ఆ పేరుగల్లోడు ఎవుడూ లేడే! తీసేసినా. పాటను కన్నది మీ అవ్వ. ఆమె ఇనిషియలే పెట్టినా."

ఒళ్లు మండింది, నవ్వూ వచ్చింది. మా వైపు పేరు పక్కన చుక్క, చుక్క పక్కన తండ్రిదో మొగుడిదో అక్షరం లేకపోతే ఏ ఆఫీసులోనూ పని జరగదు. వెబ్‌సైటూ అంతే. చుక్క తర్వాత ఉన్న తోకను చూసి ఇది పాట, ఇది బొమ్మ అని ఫోన్‌కు చెబుతుంది. తెలియని తోకైతే ఏదో మూటలా చేతిలో పెట్టేసి ఊరుకుంటుంది.

పేర్లన్నీ మళ్లీ మార్చేద్దామనుకున్నాను. పక్కన అవ్వ తెర వైపే చూస్తోంది. పుట్టింట్లో తండ్రి అక్షరం, ఇక్కడ తాత 'డి', ఇన్నాళ్లూ అవే మోసిన మనిషి. ఆ 'జి' మీద వేలు పెట్టి, తర్వాత తన గుండె మీద పెట్టుకుని, నిజమా అన్నట్టు తాతను చూసింది.

"నీదే లే," అన్నాడు తాత.

ఇక మార్చబుద్ధి కాలేదు. చుక్క తర్వాత 'జి' ఉంటే అది పాటేనని సైటు కోడ్‌లో ఒక వరుస చేర్చాను.

"అక్కా, ఇప్పుడు నొక్కు."

తిరుత్తణిలో అవ్వ గొంతు లేచింది. ఫోన్‌లో మాకూ వినిపించింది. ఇక్కడ మా పాండూరులో తాత కళ్లు తుడుచుకున్నాడు.

"పెండ్లయినప్పట్నించి ఒక్కసారి కూడా చెప్పలా. బాగా పాడతావే నువ్వు."

అవ్వ ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. పాట ఇంకా అయిపోలేదు.