ఐదు కిలోల గీత

పిల్లల వార్డులో మూడో మంచం పక్కన గోడకు ఒక గ్రాఫు కాగితం అంటించి ఉంది. దాని పైభాగాన ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత. పాప బరువు ఆ ఐదు కిలోల గీతను తాకితే పెద్దాసుపత్రిలో గుండె ఆపరేషన్ చేయిద్దామని, గురువారం గురువారం ఈ చిన్న ఆసుపత్రికి వచ్చే పిల్లల గుండె డాక్టరమ్మ చెప్పింది. ఏడు నెలల పాప గుండెలో రెండు గదుల మధ్య గోడకు రంధ్రం ఉంది. పాలు తాగడమే ఆ పసిదానికి కొండ ఎక్కినంత పని. నాలుగు గుక్కలకే నుదుట చెమట పట్టేది. వార్డులో అందరూ దాన్ని పిచ్చుక అనేవారు.

పిచ్చుక తాతగారు తూనికలు, కొలతల శాఖలో ముప్పై రెండేళ్లు ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. శకునాలను నమ్మడు, కాటాను నమ్ముతాడు. పాప ఎన్ని మిల్లీలీటర్ల పాలు తాగిందో, ఎన్ని డైపర్లు తడిపిందో రోజూ ఒక నోటుబుక్కులో రాసుకునేవాడు. అంకెలు చేతిలో ఉంటే భయం కాస్త అదుపులో ఉంటుందని ఆయన అనుభవం.

సోమవారం ఉదయం కాటా నాలుగు కిలోల ఏడువందల ఇరవై గ్రాములు చూపించింది. అంతకుముందు రోజు నాలుగు కిలోల ఐదువందల ఎనభై.

"ఒక్క రోజులో నూట నలభై గ్రాములా?" అంది నర్సు. "కాటా మొరాయిస్తున్నట్టుంది తాతగారూ. ఎందుకైనా మంచిది, డాక్టరమ్మకు ఫోన్ చేసి ఒక మాట చెప్తాను."

"ఆగమ్మా. నింద వేసే ముందు కాటాను కూడా ఒక మాట అడగాలి కదా," అంటూ ఆయన సంచిలోంచి గుడ్డలో చుట్టిన ఇత్తడి తూనికరాళ్లు తీశాడు.

"ఇవి వెంట పెట్టుకునే తిరుగుతారా మీరు?"

"కొందరు పొడుం డబ్బా పెట్టుకుంటారు. నాది ఈ వ్యసనం."

రెండు కిలోల రాయి, కిలో రాయి, అరకిలో రాయి ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూశాడు. గ్రాము తేడా లేదు. నర్సు నవ్వి ఫోను జేబులో వేసుకుంది. పాప తల్లి, ఆయన కూతురు, చాలా రోజుల తర్వాత హాయిగా ఊపిరి పీల్చుకుంది.

"నాన్న ముద్ర వేశాక ఇక తిరుగేముంది సిస్టర్," అని తానే కాగితం మీద చుక్క పెట్టింది. ఆ పూటంతా ఆయనకు ఒళ్లు తేలికగా ఉంది.

మంగళవారం ఉదయం కాటా మరో నూట నలభై ఎక్కువ చూపించింది.

"ఇంకొక్క రోజు ఇలాగే పెరిగితే రేపు గీత ముట్టుకుంటాం, నాన్నా," అంది కూతురు, కలం మూత తీస్తూ. "మీ మనవరాలు ఇక పిచ్చుక కాదు, కోడిపెట్ట."

ఆయన నవ్వుతూనే నోటుబుక్కు తెరిచాడు. నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆదివారం పాలు నాలుగువందల అరవై. సోమవారం మూడువందల తొంభై. నిన్న సాయంత్రం నుంచి పాప సీసా నోట పెట్టుకోవడానికే బద్ధకిస్తోంది. తడిసిన డైపర్లు ఎనిమిది నుంచి నాలుగుకు దిగాయి. సరుకు రావడం తగ్గింది, కొట్లో నిల్వ మాత్రం పెరిగింది. ఏ దుకాణంలోనైనా ఇలాంటి లెక్క కనబడి ఉంటే ఆయన ఆ యజమానిని కూర్చోబెట్టి మధ్యాహ్నం దాకా ప్రశ్నలడిగేవాడు.

పాప పాదం మీద బొటనవేలితో మెల్లగా నొక్కాడు. వేలు తీసినా గుంట పూడలేదు. కనురెప్పలు ఉబ్బి ఉన్నాయి. గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టాడు. నిమిషానికి డెబ్బై రెండు, ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ.

వాపును చూసి బలుపు అనుకోవద్దని ఎంతమంది వ్యాపారులకు సుద్దులు చెప్పాడో తనకే గుర్తు లేదు.

"చుక్క పెట్టకమ్మా," అన్నాడు.

"ఏం, కాటా తప్పా?"

"కాటా తప్పు కాదు. బరువూ నిజమే. పెరిగింది పిల్ల కాదు తల్లీ, ఒంట్లో నీరు."

కూతురు ఆయన వంక చూసింది. "నిన్న మీరే కదా..."

"నేనే. సిస్టర్ ఫోన్ చేస్తానంటే ఆపిందీ నేనే."

నర్సును పిలిచి అదే మాట ఆమెకూ చెప్పాడు. ఆమె కూడా పాప పాదం నొక్కి చూసింది. "మీరు ఆపితే నేను ఆగకూడదు కదా తాతగారూ," అంటూనే డాక్టరమ్మకు ఫోన్ కలిపి, అందరికీ వినబడేలా పెట్టింది. డాక్టరమ్మ ఊపిరి లెక్క అడిగింది, కాలేయం ఉబ్బిందేమో పొట్ట కుడివైపు తడిమి చూడమంది. గుండె అలసిపోయి ఒంట్లో నీరు నిలుస్తోందని చెప్పింది. నీరు లాగే ఇంజెక్షను, ఆక్సిజను వెంటనే మొదలుపెట్టాలి. పన్నెండింటికి అంబులెన్సు వస్తుంది. ఇక ఐదు కిలోల కోసం ఆగడానికి లేదు.

"ఇంత చిన్న ఒంటికి ఆపరేషనంటే ప్రమాదం కదండీ?" అంది కూతురు.

"ప్రమాదమేనమ్మా. ఆగితే అంతకన్నా ప్రమాదం."

"నిన్ననే చెప్పుంటే?"

"నిన్ననే మందు మొదలయ్యేది," అంది డాక్టరమ్మ.

అబద్ధపు ఓదార్పు చెప్పనందుకు మరో రోజైతే ఆయన ఆమెను మెచ్చుకునేవాడు.

ఇంజెక్షను ఇచ్చాక తడిసిన ప్రతి డైపరునూ తూచమని నర్సు చెప్పింది. పొడి డైపరు ఇరవై ఎనిమిది గ్రాములు. ఆపైన ఎంత ఉంటే అంత నీరు బయటికి వచ్చినట్టు. కూతురు ఆయనకు వీపు పెట్టి పాప పక్కన కూర్చుంది. ఆయన కాటా ముందు కూర్చున్నాడు. ముప్పావుగంట దాకా డైపరు పొడిగానే ఉంది. నిన్న తడవవలసిన డైపర్లను ఆయన మనసులో లెక్కవేస్తూ ఉన్నాడు. ఆ లెక్క ఎటూ తేలలేదు.

కాసేపటికి కూతురు లేచి, చుట్టిన డైపరు ఒకటి ఆయన చేతిలో పెట్టింది. కళ్లు కలపలేదు.

ఆయన తూచాడు. తీసి మళ్లీ పెట్టి తూచాడు.

"ఎంత?" అంది, అటు తిరిగే.

"నూట పద్దెనిమిది. పొడి బరువు తీసేస్తే తొంభై."

"సరిగ్గా చూశారా?"

"చూశాను. నువ్వు కూడా చూడు," అన్నాడు ఆయన. కాటాను ఆమె వైపు తిప్పాడు.

ఆమె వంగి అంకె చదివింది. ఆ తర్వాత నోటుబుక్కు, కలం తానే తీసుకుని, పాప ఊపిరి లెక్కపెట్టడానికి మళ్లీ మంచం దగ్గరికి వెళ్లింది. పన్నెండు కావడానికి ఇంకా గంటంబావు ఉంది.