రెండో వాయిదా

ఫిజియోథెరపీలో పీజీ సీటు వచ్చిందని ఆ అమ్మాయి చెప్పినప్పుడు తండ్రి టీవీ మీంచి చూపు తిప్పలేదు.

"డిగ్రీ దాకా చదివించాను. నా వంతు అయిపోయింది. ఉద్యోగం చేస్తావో, నీ తిప్పలు నువ్వు పడతావో నీ ఇష్టం" అన్నాడు.

ఆయనది టైర్ల వ్యాపారం. కొడుక్కి రెండో దుకాణం తెరిచే హడావుడిలో ఉన్నాడు. తల్లి వంటింట్లోంచి అంతా వింది కానీ బయటికి రాలేదు. స్కాలర్‌షిప్పు సంగతి కనుక్కుందామని కాలేజీ ఆఫీసుకి వెళితే అక్కడి గుమాస్తా కాగితం తిప్పి చూసి వెనక్కి తోశాడు.

"మీ నాన్నగారి ఆదాయం పరిమితి దాటిందమ్మా."

"ఆయన నాకు పైసా ఇవ్వనన్నారండీ."

"ఇవ్వనన్నారు అని రాయడానికి ఇందులో గడి లేదు కదా" అన్నాడు. వెటకారంగా కాదు, నిజంగానే జాలిపడి.

అలా కాగితం మీద కలవారి పిల్లగా మిగిలిన ఆ అమ్మాయి స్కూటరూ, చెవుల కమ్మలూ అమ్మి ఫీజు మొదటి వాయిదా కట్టింది. హాస్టల్లో కిటికీ లేని గది తీసుకుంది. పగలు కాలేజీ. సాయంత్రాలు ఒక లారీ డ్రైవరు ఇంట్లో పని.

డ్రైవరంటే ఇప్పుడు కాదు, ఒకప్పుడు. నలభై ఏళ్ళు స్టీరింగు తిప్పిన మనిషికి పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. కూతురు కళ్ళజోళ్ళ షాపు నడుపుతుంది. "నాన్న తనంతట తాను బాత్రూముకి వెళ్ళొచ్చేదాకా నువ్వు రావాలి. ఆ తర్వాత మేం చూసుకుంటాం" అని మొదటి రోజే చెప్పింది. జీతం ఠంచనుగా ఇచ్చేది.

ముసలాయన నోరు మాత్రం పడిపోలేదు. ఆమెను 'డాక్టరమ్మా' అని ఆట పట్టించేవాడు.

"ఎడమ కాలు క్లచ్చు కదా డాక్టరమ్మా. క్లచ్చు పోయిన బండిని ఎంతసేపు తోస్తావు?"

"మీరు బ్రేకు మీంచి కాలు తీస్తే చాలు బాబాయ్ గారూ, నేను తోస్తాను."

మంచం మీద నడుము ఎత్తించింది. కూర్చోబెట్టింది. కుర్చీ వీపు పట్టుకుని నిలబెట్టింది. ఒకనాటి సాయంత్రం ఆయన ఏ ఆసరా లేకుండా లేచి నిలబడి, గోడనున్న తన పాత ఫోటో వైపు చూసి మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. ఆ అమ్మాయికి కళ్ళు చెమర్చాయి. మరుక్షణమే మనసులో రోజులు లెక్కపెట్టుకుంది. ఈ లెక్కన రెండు వారాల్లో ఆయన కర్ర పట్టుకుని నడిచేస్తాడు. రెండో వాయిదా గడువుకి ఇంకా నెల పైన ఉంది.

ఆ రోజు కర్ర ఇవ్వాల్సింది. ఇవ్వలేదు.

"మోకాలు ఇంకా గట్టిపడాలి బాబాయ్ గారూ. తొందరేం లేదు" అంది.

అబద్ధం కూడా కాదు, ఎవరి మోకాలైనా ఇంకాస్త గట్టిపడొచ్చు. మర్నాడూ అదే మాట అంది. ఆయన నమ్మాడు. కూతురూ నమ్మింది. పది రోజులు గడిచాయి. హాస్టలు చేరాక ఆ అమ్మాయికి అన్నం సయించేది కాదు. పుస్తకం తెరిస్తే అక్షరాలు కనిపించేవి గానీ బుర్రకెక్కేవి కావు.

ఆ ఆదివారం పొద్దున ఆయన ఎవరినీ పిలవకుండా లేచాడు. గోడ పట్టుకుని బాత్రూము దాకా బాగానే వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర మలుపు తిరగబోయి పడ్డాడు. ఒంటి బరువు ఏ కాలి మీద మోపి తిరగాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు. నుదురు చిట్లింది. ఎడమ మణికట్టు విరిగింది.

ఆమె వెళ్ళేసరికి కూతురు తండ్రిని చెడామడా తిడుతోంది. "ఆ పిల్ల వద్దు వద్దంటూనే ఉంది కదా! ఒకరి మాట చెవిన పెడితేగా నువ్వు!"

ముసలాయన చిన్నపిల్లాడిలా తల దించుకుని కూర్చున్నాడు.

కూతురు ఆమెను పక్కకి పిలిచి చేతిలో కవరు పెట్టింది. "మూడు నెలల జీతం ముందే ఇస్తున్నా. ఇంకెక్కడా ఒప్పుకోకు. నువ్వే ఈయన్ని దారిలో పెట్టాలి."

ఆ అమ్మాయి "సరే అక్కా" అంది. కవరు తీసుకుంది. మర్నాడు కాలేజీలో రెండో వాయిదా కట్టేసింది. రసీదు చింపి ఇచ్చిన గుమాస్తా ఆమె మొహం చూసి, "ఒంట్లో బాగోలేదామ్మా?" అని అడిగాడు.

ఆ సాయంత్రం ముసలాయన మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"బాబాయ్ గారూ, మీరు మాట వినక పడలేదు. నేను నేర్పక పడ్డారు. పది రోజుల కిందటే మీ చేతికి కర్ర ఇవ్వాల్సింది. ఇస్తే నా పని పోతుందని ఇవ్వలేదు."

ఆయన కుడి చేత్తో కట్టు కట్టిన చెయ్యిని ఒళ్ళోకి లాక్కున్నాడు.

"బాగున్న బండినే దారి మధ్యలో ఆపి, చెడిపోయిందని ఓనరుకి ఫోన్లు చేసేవాళ్ళని చూశాను. నువ్వు అలాంటిదానివి అనుకోలేదు" అన్నాడు. "మా అమ్మాయి నిన్నంతా నన్నే తిట్టింది."

"ఇప్పుడే వెళ్ళి అక్కకి చెప్పేస్తాను."

"చెబుదువుగాని. ముందు నన్ను నడిపించు."

ఆ తర్వాత ఆయన డాక్టరమ్మా అనడం మానేశాడు. చెయ్యమన్నది చేసేవాడు, అంతే. ఆమె కాలేజీకి వెళ్ళేముందు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చింది. అడుగు వేయడం, ఆగడం, తిరగడం, గుమ్మం దాటడం అన్నీ నేర్పింది. నెల తిరక్కుండా ఆయన కర్ర సాయంతో వీధి చివరిదాకా వెళ్ళొచ్చాడు.

ఆ రోజే ఆమె కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళి జరిగిందంతా చెప్పింది. మిగిలిన రెండు నెలల జీతం తీర్చేస్తానని, కొంచెం గడువు ఇమ్మని అడిగింది.

ముసలాయన కూతురు తుడుస్తున్న కళ్ళజోడు గల్లాపెట్టె మీద పెట్టేసింది. "నాన్నకి తెలుసా?"

"ముందు ఆయనకే చెప్పాను."

"నాకు చెప్పనేలేదు ఆయన. చెల్లెల్లా చూసుకున్నాను నిన్ను. మా షాపుకొచ్చే వాళ్ళింట్లో ఇంకో పని కూడా మాట్లాడి పెట్టాను. ఇప్పుడు నీ గురించి వాళ్ళకి ఏం చెప్పమంటావు?"

ఆ పనీ పోయింది.

బాకీ తీర్చడానికి ఒక ఏడాది చదువు ఆపి, వ్యాయామశాలలో పనికి కుదిరింది. తోటివాళ్ళు పట్టాలు పుచ్చుకుని వెళ్ళిపోయాక, ఊరూ పేరూ తెలియని కొత్త బ్యాచి మధ్య కూర్చుని చివరి పరీక్షలు రాసింది. పాసైంది.

ఆ పది రోజులూ నడిపించి ఉంటే ఆయన పడేవాడు కాదా? ఎవరూ చెప్పలేరు. పక్షవాతం వచ్చినవాళ్ళు ఎంత నేర్పినా ఒక్కోసారి పడతారని ఆమె చదివిన పుస్తకాల్లోనే ఉంది. ఆ ముక్క ఆమె చాలాసార్లు చదువుకుంది. ఒక్కసారైనా ఊరట కలగలేదు.