ముప్పై ఏడు మైక్రోసెకన్లు

కంట్రోల్ రూములో ఏసీ చూడాలి. పన్నెండు కంప్యూటర్ల గడియారాలూ పోల్చి తేడాలు నోట్‌బుక్కులో ఎక్కించాలి. బీరువా తాళాలు అప్పగించాలి. మధ్యాహ్నం కొత్త కార్డుల పరీక్షకి సాక్షి సంతకం పెట్టాలి.

ఆ రోజు పనుల జాబితాలో ఆఖరిది రాసేటప్పుడు పెన్ను గట్టిగా నొక్కాడు. కాగితం చిరిగింది.

ఆ విద్యుత్ కేంద్రంలో అందరికీ ఆయన గడియారం బాబాయ్. ఇవాళ్టితో రిటైరు. కరెంటు పోయినప్పుడు ఏ లైను ముందు తెగిందో చప్పున తేలాలంటే కంప్యూటర్లన్నీ ఒకే టైము చూపాలి. టైము మోసుకొచ్చే సందేశం వైరులో వస్తే, లోపలి సాఫ్ట్‌వేరు తన పనులన్నీ చూసుకుని తీరిగ్గా ‘ఇన్నింటికి అందింది’ అని ముద్ర వేసేది. ఆ ఆలస్యాన్ని ఇరవై ఆరేళ్లుగా కొలిచి, ఒక్కో కంప్యూటరుకీ ఇంతని తీసేయడం ఆయన పని. మూడో నంబరుకి ముప్పై ఏడు మైక్రోసెకన్లు.

కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మ కంప్యూటర్లలో పెట్టడానికి తెచ్చిన కార్డు, సందేశం గుమ్మం తొక్కగానే తనే ముద్ర కొట్టేస్తుంది. కొలవడానికి ఆలస్యమే మిగలదు. నిన్న పెద్దాఫీసరు ఆమెకి కుర్చీ వేయించి మరీ మాట్లాడాడు. బాబాయ్ ఇన్నేళ్లూ నిలబడే జవాబు చెప్పాడు.

"కార్డు ముచ్చటగానే ఉంది. ఎన్నాళ్లుంటుందో!" అన్నాడు టీ తాగుతూ.

"మీ దిష్టి తగలకపోతే చాలు బాబాయ్," అని నవ్విందామె.

పరీక్షలో పదకొండు కలిశాయి. మూడో నంబరు కలవలేదు.

"సాయంత్రంలోగా తేలకపోతే కార్డులు వెనక్కి పంపేయండి. పాత పద్ధతే నయం," అనేసి వెళ్లిపోయాడు ఆఫీసరు.

ఆ మాటకి బాబాయ్ కడుపు చల్లబడింది. తెర మీద తేడా ముప్పై ఏడు. చూడగానే తెలిసిపోయింది. పొద్దున గడియారాలు పోల్చాక, పరీక్ష కోసం తన పాత దిద్దుబాట్లన్నీ చెరిపేస్తూ మూడోదాన్ని మరిచిపోయాడు. లేని ఆలస్యాన్ని అది ఇంకా తీసేస్తోంది.

నోట్‌బుక్కు మూసి చంకలో పెట్టుకున్నాడు. ఆమె నేల మీద కూర్చుని కేబుళ్లు పీకుతోంది, పెడుతోంది. భోజనం డబ్బా మూత తీయలేదు. నాలుగైంది.

"తప్పు కార్డుది కాదమ్మా. నాది," అని నోట్‌బుక్కు ఆమె ముందు పెట్టాడు.

చదివి తలెత్తింది. "అప్పుడే చెప్పొచ్చుగా!"

"కుళ్లుకున్నాను."

ఆమె నవ్వలేదు. కుర్చీ లాగింది. "కూర్చోండి బాబాయ్. చేత్తో ఇంత కచ్చితంగా ఎలా కొలిచారో చెప్పండి."

చెప్పాడు. ఆ తర్వాత ఆ అంకెని తనే చెరిపాడు. పన్నెండూ కలిశాయి. సంతకం పెట్టి, తాళాలిచ్చి, ఐదింటికి ఎప్పట్లాగే మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మీ ఇంట్లో పోయిన కరెంటు చప్పున తిరిగొస్తే ఆయన్ని ఓసారి తలుచుకోండి. నోట్‌బుక్కు ఆమె బల్ల మీదే ఉంది. మూడో నంబరు ఎదుట ముప్పై ఏడు కొట్టేసి, పక్కన గుండ్రంగా ఒక సున్నా.