తెర మీద పరుగెత్తిన బద్రీ

నవ్వుల సినిమాలో పెళ్లాం వేషం వేసిన బద్రీ తలమీద ముసుగు లేకుండా, చెప్పు పట్టుకుని మొగుణ్ణి తరిమింది. బొమ్మ టెహరాన్‌లో ఆడక ముందే తండ్రి ఆమెను ఇంట్లోంచి వెళ్లగొట్టాడు. అర్మేనియన్ స్నేహితురాలొకామె తన కుట్టుకొట్టు వెనక గదిలో చోటిచ్చింది.

ఒక మధ్యాహ్నం బద్రీ తలనుంచి కాళ్లదాకా నల్ల చాదర్ కప్పుకుని సినిమా హాల్లో ఆడవాళ్ల వైపు కూర్చుంది. తెరమీద పరుగు మొదలవగానే ముందు వరసలో ఎవరో పగలబడి నవ్వారు. ఆ నవ్వు అమ్మది. ఇంట్లో ఎప్పుడూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వేది.

బద్రీ చీకట్లో వెళ్లి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. అమ్మ ఆ చేతిని గట్టిగా నొక్కింది.

"ఎలా పరుగెత్తావే పిచ్చిపిల్లా! పడిపోతావేమోనని భయమేసింది."

"నాన్న మెత్తబడ్డాడా అమ్మా?"

అమ్మ నవ్వు ఆగిపోయింది. "బజార్లో కుర్రాళ్లు ఆయన దుకాణం ముందు నీలాగే పరుగెత్తి చూపించారు. ఆయన తట్టుకోలేకపోయాడు. నువ్వు జ్వరంతో పోయావని ఊరంతా చెప్పి, చావింట్లో పంచే హల్వా పంచాడు."

"నువ్వేమీ అనలేదా?"

"ఆ హల్వా నా చేత్తోనే కలిపాను తల్లీ."

దీపాలు వెలిగాయి. అమ్మ గబగబా మొహం కప్పుకుని, వెనక్కి చూడకుండా జనంలో కలిసిపోయింది.

"ఆవిడ మీకేమవుతుందమ్మా?" అని పక్కసీటామె అడిగింది.

"ఎవరో," అంది బద్రీ. "భలే నవ్వింది కదండీ!"